ఈ20 పెట్రోలు: కొత్త బండికి సరే, పాత కారుకు కాస్త బరువే

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరి 6న మా బెంగళూరులోనే, ఇండియా ఎనర్జీ వీక్ వేదికపై విడుదలైంది. ఇప్పుడు నగరంలో మామూలు పెట్రోలు అంటే బంకులో పోసేది ఇదే కాబట్టి, కొనాలా వద్దా అన్న ప్రశ్నకు తావు లేదు. ఏ బండికి ఎంతవరకు నప్పుతుందన్నదే చూడాలి.

ఈ20కి తగ్గట్టు తయారైన మా స్కూటరుకు దీనితో ఏ ఇబ్బందీ రాలేదు. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఆగుతూ సాగే రద్దీలో కూడా ఇంజను తడబడదు, పికప్‌లో లోటు కనిపించదు.

పాత కారు సంగతి వేరు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ కావడంతో, ఈ10కు (పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు) సర్దుబాటు చేసిన పాత నమూనా కార్లలో మైలేజీ 6–7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. మా కారులో ఆ తేడా నెల ఖర్చులో తెలుస్తూనే ఉంది. ఆ నష్టానికి బదులుగా పన్ను రాయితీని పరిశీలించాలని అదే నివేదిక సూచించినా, బంకులో లీటరు ధర ఆ మేరకు తగ్గలేదు. నా అసలు అభ్యంతరం ఇదే. పక్కనే ఈ10 కూడా అమ్మితే ఎవరి బండికి తగినది వారు పోయించుకునేవారు.

పునరుత్పాదక ఇంధనమన్న గొప్పకు కూడా నేను పూర్తి మార్కులు వేయను. మన ఇథనాల్‌లో అధిక భాగం చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచే వస్తోంది. మొక్కజొన్న అటు మళ్లితే కోళ్ల దాణా ధర పెరుగుతుందని మన కోళ్ల రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. వరిగడ్డితో పానిపట్‌లో 2022లో, వెదురుతో అస్సాంలోని నుమాలీగఢ్‌లో 2025లో ప్రారంభమైన కర్మాగారాల దారి నాకు ఎక్కువ నచ్చింది. అయితే గట్టి పీచును ముందుగా చీల్చి, ఎంజైములతో చక్కెరగా మార్చి, ఆ తర్వాతే పులియబెట్టాలి కనుక ఆ పద్ధతికి ఖర్చెక్కువ. బంకు రసీదు చూసి మన ట్యాంకులో పడింది ఏ పంటదో తెలుసుకునే వీలు మాత్రం లేదు.

ఇథనాల్ తేమను పీలుస్తుంది. నీరు మితిమీరితే ఇథనాల్ పెట్రోలు నుంచి విడిపోయి ఆ నీటితోపాటు ట్యాంకు అడుక్కు చేరుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేలోగా ఏమీ కాదు గాని, నెలల తరబడి కదలని బండిలో పాత పెట్రోలు తీయించి కొత్తది పోయించడం మేలు. పాత కార్లవాళ్లు సర్వీసింగులో ఇంధన గొట్టాలనూ రబ్బరు సీళ్లనూ ప్రత్యేకంగా అడిగి చూపించుకుని, పగుళ్లుంటే ఈ20ని తట్టుకునేవి వేయించుకోవాలి.