సిక్స్‌టీన్ క్యారట్ గోల్డ్: ఓబర్‌హౌజెన్‌లో మూడు రాత్రుల రెజ్లింగ్‌కి ఎలా వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఏ టికెట్టు కొనాలి

2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో శాంకీని ఓడించి బెల్టు నిలబెట్టుకున్న డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ గుంథర్ గుర్తున్నాడా? అదే రాత్రి జాన్ సీనా, సెత్ రోలిన్స్ జోడీ మీదికి దిగిన లుడ్విగ్ కైజర్? పెద్ద టీవీకి రాకముందు ఇద్దరూ రాటుదేలింది జర్మనీలోని రూర్ ప్రాంతంలో, డబ్ల్యూఎక్స్‌డబ్ల్యూ అనే ఇండిపెండెంట్ కంపెనీలో. అప్పట్లో గుంథర్ పేరు వాల్టర్. ఆ కంపెనీ 2006 నుంచి నడుపుతున్న టోర్నమెంటే సిక్స్‌టీన్ క్యారట్ గోల్డ్. మామూలుగా మార్చి మొదట్లో శుక్ర, శని, ఆదివారాలు. ఓబర్‌హౌజెన్ ఊళ్ళో టర్బీనెన్‌హాలె అనే హాల్లో. ఒకప్పుడు ఉక్కు కర్మాగారానికి కరెంటు ఇచ్చిన కట్టడం అది. ఇప్పుడు డిస్కోలు, సంగీత కచేరీలు జరుగుతుంటాయి.

లెక్క తేలికే. పదహారు మంది, ఓడితే ఇంటికే. మొదటి రోజు ఎనిమిది పోటీలు, రెండో రోజు నాలుగు క్వార్టర్ ఫైనళ్ళు, మూడో రోజు రెండు సెమీఫైనళ్ళు, ఫైనల్. గెలిచినవాడికి కంపెనీ ప్రధాన టైటిల్‌కి పోటీపడే అవకాశం దక్కుతుంది. ఫలితాలు ముందే రాసి ఉంటాయని హాల్లో పిల్లలకు కూడా తెలుసు. అసలు ఆసక్తి ఆ రాతలోనే ఉంది. పదహారు మందిలో సొంత జట్టువాళ్ళు కొందరైతే మిగతావాళ్ళు జపాన్, బ్రిటన్, అమెరికా, ఇతర ఐరోపా కంపెనీల నుంచి వచ్చేవాళ్ళు. వేరే కంపెనీ ఛాంపియన్ వచ్చాడంటే వాడి విలువ తగ్గకుండా పంపించాలి, అలాగని ఇంటివాణ్ణి చిన్నబుచ్చకూడదు. అందుకే బయటి ఛాంపియన్ రింగు మధ్యలో శుభ్రంగా పిన్ అయిపోవడం, అంటే మూడు లెక్కపెట్టేదాకా భుజాలు నేలకు ఆనించి ఓడిపోవడం, అరుదు. మూడోవాడు అడ్డొస్తాడు, లెక్క పూర్తయ్యేలోపు రింగులోకి తిరిగి రాలేక కౌంట్-అవుట్ అవుతుంది, లేదా మోకాలి దెబ్బ కథలోకి వస్తుంది. ఎవరు ఎవరి చేతిలో, ఏ తీరున ఓడారో చూస్తే ఆ రెండు కంపెనీల మధ్య సంగతులు ఎలా ఉన్నాయో ఇట్టే తెలిసిపోతుంది. ఫిలడెల్ఫియాలోని సీజెడ్‌డబ్ల్యూ, జపాన్‌లోని బిగ్ జపాన్ అనే రెజ్లింగ్ కంపెనీలతో ఈ కంపెనీకి ఒకప్పుడు గట్టి రాకపోకలుండేవి. బిగ్ జపాన్ రెజ్లర్ సెకిమోతో లాంటి బండరాయి మనిషి ఇక్కడికి వచ్చి కుస్తీ పట్టాడంటే ఆ చలవే.

ఒక్క రోజుకే వీలైతే ఆదివారం కొనండి. చాలామంది పదహారు మందినీ చూడొచ్చని శుక్రవారం కొంటారు. ఎనిమిది పోటీల్లో నాలుగైనా హడావుడిగా తేలిపోతాయని వాళ్ళు అనుకోరు. ఆదివారం ఫైనల్‌కి వచ్చే ఇద్దరూ అప్పటికే ఆ రోజు ఒక పోటీ ఆడి ఉంటారు. ఆ అలసట, ఆ దెబ్బ ఫైనల్‌లోకి ఎలా తెచ్చారన్నదే చూడాల్సింది. 2017 ఫైనల్‌లో ఇల్యా డ్రాగునోవ్ వాల్టర్‌ని ఓడించాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ డబ్ల్యూడబ్ల్యూఈలోనే ఉన్నారు. అలిసిపోయిన ఒంటితో ఎలా నిలబడాలో తెలియాలంటే ఆ పోటీ వెతుక్కుని చూడండి. అయితే మూడు రోజుల టికెట్టు విడివిడిగా కొన్నదానికన్నా చవక పడుతుంది, కుర్చీ కూడా మారదు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు అదే నయం.

కుర్చీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. హాలు నేల చదును. రింగు సుమారు మీటరు ఎత్తులో ఉంటుంది. ఇద్దరూ నిలబడి కొట్టుకున్నంతసేపు ఎక్కడినుంచైనా కనిపిస్తుంది గానీ, కిందపడి కాళ్ళు చేతులు మెలిపెట్టడం మొదలవగానే ఐదో వరస తర్వాత కూర్చున్నవాళ్ళకు ముందువాళ్ళ తలలే మిగులుతాయి. ముందు రెండు వరసలు దొరికితే తీసుకోండి. దొరక్కపోతే వెనక వరస కుర్చీ కన్నా నిలబడే టికెట్టు మేలు, పైగా చవక. కాకపోతే మూడు గంటలకు పైగా నిలబడాలి కాబట్టి చెప్పులు, బూట్లు చూసి వేసుకోండి. మొదటి వరసకి ఇంకో షరతు ఉంది. దెబ్బలాట రింగు దిగి మీ వైపు వస్తే సెక్యూరిటీవాళ్ళు చెయ్యి ఊపుతారు, అప్పుడు గ్లాసు చేత్తో పట్టుకుని వెంటనే లేచిపోవాలి. ఫోన్‌లో వీడియో తీస్తూ కూర్చుంటే కుర్చీతో సహా మీరూ కింద పడతారు.

దగ్గరనుంచి వినాల్సింది చరుపు శబ్దం. టీవీలో మైకు అణిచేసే ఆ చప్పుడు ఇక్కడ ఇటుక గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. రెండో పోటీకే ఛాతీ మీద అయిదు వేళ్ళూ అచ్చు పడతాయి, మూడో రోజుకి అది నల్లబడి ఉంటుంది. రింగు ఒక ఇనుప దూలాల చట్రం, దాని మీద చెక్క పలకలు, పలచటి ఫోమ్, పైన గుడ్డ. అంతే. మంచి పోటీ పడితే జనం ‘డీజే అక్సియోన్ వార్ వుండర్‌బార్’ అని రాగం తీస్తారు, ఈ దెబ్బ అద్భుతం అని. ఒక్క రాత్రిలో నోటికి వచ్చేస్తుంది. మిగతా అరుపుల్లో చాలాభాగం ఇంగ్లీషే కాబట్టి జర్మన్ రాకపోయినా ఇబ్బంది లేదు.

ఇక ఎక్కడ దిగాలి. హాలు లిప్పర్‌ఫెల్డ్ అనే పారిశ్రామిక వాడలో ఉంది. ఓబర్‌హౌజెన్ స్టేషన్‌కీ, సెంట్రో అనే పెద్ద మాల్‌కీ మధ్యన. స్టేషన్ నుంచి 112 ట్రామ్‌గానీ అదే దారిలో వెళ్ళే బస్సుగానీ ఎక్కి లిప్పర్‌ఫెల్డ్ స్టాపులో దిగాలి. నడిచినా అరగంటలోపే. సెంట్రో చుట్టూ ఉన్న హోటళ్ళు కొత్తవి, శుభ్రమైనవి, తిండి పక్కనే. పిల్లలతో వచ్చేవాళ్ళకు ఇవే సరి, కాకపోతే టోర్నమెంట్ వారంలో ధర పైకి పోతుంది, ముందే నిండిపోతాయి. స్టేషన్ దగ్గరి పాత హోటళ్ళు చవక. వాటి చుట్టుపక్కల రాత్రి తొమ్మిది దాటితే వీధులు బోసిగా ఉంటాయి. భయపడాల్సిందేమీ లేదు, చేయడానికీ ఏమీ లేదు.

మా ఓటు పక్క ఊరు డ్యూస్‌బుర్గ్ స్టేషన్ పరిసరాలకు. ఓబర్‌హౌజెన్‌కి ప్రాంతీయ రైల్లో పది నిమిషాల లోపే. ఆర్‌ఈ3, ఆర్‌ఈ5, ఆర్‌ఈ19 మూడూ పోతాయి కాబట్టి ఒకటి రద్దయినా ఇంకోటి ఉంటుంది. ఆర్‌ఈ5 అయితే డ్యూసెల్డార్ఫ్ విమానాశ్రయం స్టేషన్‌లో కూడా ఆగుతుంది. ఎస్సెన్ కూడా బాగానే ఉంటుంది, ఎస్3 లోకల్‌లో ఇరవై నిమిషాలు. కంపెనీ శిక్షణా కేంద్రం అక్కడే. గురువారం రాత్రి అక్కడ ‘ఇన్నర్ సర్కిల్’ అనే చిన్న ప్రదర్శన పెట్టే సంవత్సరాల్లో ఆ ఒక్క రాత్రికి ఎస్సెన్‌లో దిగడం తెలివైన పని. డ్యూసెల్డార్ఫ్ మాత్రం వద్దు. ఊరు అందమైనదే, కానీ రాత్రి పదకొండు దాటాక తిరిగి వెళ్ళడం ఒక తలనొప్పి, ఎగ్జిబిషన్లు ఇంకో తలనొప్పి. మార్చిలో అక్కడ ప్రోవైన్ అనే పెద్ద వైన్ సంత జరుగుతుంటుంది. 2024లో ఆ సంత మార్చి 10న, సరిగ్గా టోర్నమెంట్ ఆదివారమే మొదలైంది. అలాంటి వారాల్లో గది ధర రెండింతలు మూడింతలు అవడం డ్యూసెల్డార్ఫ్‌తో ఆగదు, చుట్టుపక్కల ఊళ్ళకూ పాకుతుంది. టోర్నమెంట్ తేదీలు ప్రకటించిన రోజే ఎగ్జిబిషన్ క్యాలెండర్ కూడా తెరిచి, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది పట్టేయండి.

రైలు టికెట్టు దగ్గర రెండు పొరపాట్లు మామూలే. ఒకటి, మిషన్‌లో కొన్న కాగితం టికెట్టు మీద స్టాంపు వేయించకుండా ఎక్కేయడం; వేయాల్సిన టికెట్టు అయితే అది లేనట్టే లెక్క, జరిమానా 60 యూరోలు. రెండు, డాయిచ్‌లాండ్ టికెట్టు. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, దేశమంతా ప్రాంతీయ రైళ్ళు, ట్రాములు, బస్సులు ఎక్కొచ్చు, ఐసీఈ అనే వేగపు రైళ్ళు ఎక్కకూడదు. ఇది నెలనెలా తనంతట తానే కొనసాగే చందా. వచ్చే నెలకి వద్దనుకుంటే ఈ నెల 10లోపు రద్దు చేయాలి, లేదంటే హైదరాబాద్‌లో కూర్చున్నా డబ్బు కట్ అవుతుంది. ఓబర్‌హౌజెన్ చుట్టుపక్కలే తిరిగేవాళ్ళకి స్థానిక రవాణా సంస్థ వీఆర్‌ఆర్ వాళ్ళ 24 గంటల, 48 గంటల టికెట్లు సరిపోతాయి. దూరాన్ని బట్టి ధర మెట్టు మారుతుంది, దిగే ఊరు సరిగా ఎంచుకోండి. వారాంతాల్లో పట్టాల మరమ్మతులు ఈ ప్రాంతంలో నిత్యకృత్యం. రైలు బదులు బస్సు వేస్తారు, ఆ బస్సు స్టేషన్ వెనకెక్కడో ఆగుతుంది. ఆదివారం రాత్రి చివరి రైలు మీద ఆశ పెట్టుకోకుండా, దానికి ముందు రైలుకు లెక్క వేసుకోవాలి.

టికెట్టు మీద రెండు సమయాలుంటాయి. ‘ఐన్‌లాస్’ అంటే తలుపులు తెరిచేది, ‘బెగిన్’ అంటే మొదలయ్యేది. ముందు గంటలోనే స్టాళ్ళ దగ్గర రెజ్లర్లు నిలబడి సొంతంగా టీషర్టులు, ఫొటోలు అమ్ముతారు. విరామంలో వెళ్తే వరస మాత్రమే కనిపిస్తుంది. టీషర్టు 25–30 యూరోలు ఉండొచ్చు. చాలామందికి నగదే కావాలి, చిల్లర నోట్లు ఉంచుకోండి. ఏటీఎం మీ కార్డు చూసి ‘రూపాయల్లో తీసుకుంటారా’ అని అడిగితే వద్దనండి, యూరోల్లోనే తీయండి. రూపాయలంటే రేటు వాళ్ళది. జపాన్ రెజ్లర్లు తెచ్చిన సరుకు మొదటి రాత్రే అయిపోతుంది. ఆ పని శుక్రవారమే కానిచ్చేయాలి. మార్చి చలి మనకి గట్టిదే, బయట వరసలో నిలబడటానికి మందపాటి జాకెట్ కావాలి. లోపల అది బరువు, డబ్బు కట్టి క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయండి. పెద్ద బ్యాగులు తేవద్దు.

హాల్లో తిండి సాసేజీలు, ఫ్రైస్. శాకాహారులకి ఫ్రైస్ మాత్రమే అనుకుని వెళ్తే నిరాశ ఉండదు. గ్లాసుకి ‘ఫాండ్’ అని అదనంగా తీసుకుంటారు, తిరిగిచ్చి ఆ డబ్బు వెనక్కి తీసుకోండి. ఆదివారం సూపర్ మార్కెట్లన్నీ బంద్. పెద్ద స్టేషన్లలోని దుకాణాలు, హోటళ్ళు, డ్యోనర్ అనే టర్కీ తిండి అమ్మే కొట్లు మాత్రం తెరిచి ఉంటాయి. డ్యోనర్ కొట్లో ఫలాఫెల్ చుట్ట శాకాహారుల కడుపు కాపాడుతుంది. అన్నం కావాలంటే శనివారమే ఏర్పాటు చూసుకోవాలి. డ్యూస్‌బుర్గ్-ఎస్సెన్ యూనివర్సిటీలో చదివే మనవాళ్ళు తెలిసి ఉంటే ఆ చింత తీరినట్టే.

శనివారం మధ్యాహ్నం తరచూ ‘యాంబిషన్’ అనే వేరే చిన్న టోర్నమెంట్ పెడతారు. దీనికి విడి టికెట్టు. ఇక్కడ పిన్ చేసి గెలవడం ఉండదు. నాకౌట్ కావాలి, లేదా ఎదుటివాడు లొంగిపోవాలి, లేదా రెఫరీ ఆపాలి. తాళ్ళ మీంచి దూకుళ్ళు, కుర్చీలు, నాటకాలు లేవు. పట్లు, తన్నులు మాత్రమే. మా లెక్కలో వారాంతం మొత్తానికీ పెట్టిన డబ్బుకి ఎక్కువ ముట్టేది ఇదే. రాత్రి పెద్ద ప్రదర్శనకి వచ్చేవాళ్ళలో చాలామంది దీన్ని వదిలేస్తారు, వాళ్ళ ఖర్మ.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి లుఫ్తాన్సా నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ విమానం 2024 జనవరిలో మొదలుపెట్టింది. అక్కడి విమానాశ్రయం నుంచే డ్యూస్‌బుర్గ్‌కి ఐసీఈ దొరుకుతుంది. వీసా దగ్గరే అసలు జాప్యం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మార్చి టోర్నమెంట్‌కి అక్టోబరులోనే స్లాట్ వెతకడం మంచిది. లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో ఉండే మనవాళ్ళు బ్రిటన్ వీసా సరిపోతుందనుకుని టికెట్టు కొనేస్తుంటారు. సరిపోదు, జర్మనీకి కావాల్సిన షెంగెన్ వీసా వేరే.

ప్రకటించిన పదహారు పేర్లూ చివరిదాకా ఉంటాయని నమ్మకండి. గాయాలు, విమానాల రద్దు, పెద్ద కంపెనీ వచ్చి ఎత్తుకుపోవడం, ఏదో ఒకటి అవుతుంది. ఒక్క మనిషి కోసం టికెట్టు కొంటే బాధపడతారు. మార్చికి కుదరకపోతే అదే కంపెనీ అక్టోబరు ప్రాంతంలో అదే ఊళ్ళో ట్యాగ్ టీమ్, అంటే జోడీల, టోర్నమెంట్ నడుపుతుంది. దానికి రద్దీ కాస్త తక్కువ. ఇంట్లోంచి చూడాలంటే వాళ్ళ సొంత స్ట్రీమింగ్ ‘డబ్ల్యూఎక్స్‌డబ్ల్యూ నౌ’ ఉంది, ఇంగ్లీషు వ్యాఖ్యానంతో. మార్చి మొదట్లో మన సమయం జర్మనీకన్నా నాలుగున్నర గంటలు ముందు, కాబట్టి రాత్రి ప్రదర్శనలు మనకి తెల్లవారుజామున ముగుస్తాయి. మర్నాడు పొద్దున రికార్డింగ్ చూసేవాళ్ళు అప్పటిదాకా ఫోన్‌లో ఏమీ తెరవకండి.