పాలా, చోడి అంబలా, నెత్తళ్లా? రక్తమూ ఎముకా రెండూ తగ్గినవాళ్లకు ఏది మేలు

అమ్మకి అరవై రెండేళ్లు. మొన్న రెండు రిపోర్టులు ఒకేసారి చేతికొచ్చాయి. హిమోగ్లోబిన్ 9.1, ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటింది. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో వెన్నెముక టీ స్కోరు మైనస్ 2.8. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ పోతే దాన్నే ఆస్టియోపోరోసిస్ అంటారు, అంటే ఎముకలు గుల్లబారడం. డాక్టరు రెండు రకాల బిళ్లలు రాశారు. మూడో రోజు పొద్దున్న చూద్దును కదా, కడుపులో మంట రాకూడదని ఐరన్ బిళ్లా కాల్షియం బిళ్లా కలిపి గ్లాసుడు పాలతో మింగుతోంది!

కాల్షియం పక్కనుంటే పేగు ఐరన్‌ని సరిగా తీసుకోదు. అందుకే ఏది మేలు అన్నదానికంటే ముందు ఏది ఏ పూట అన్నది తేలాలి.

పాలతో మొదలుపెడదాం. 200 మి.లీ. గ్లాసులో సుమారు 240 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, ఐరన్ మాత్రం లేనట్టే. ఎముకకి మంచిది, రక్తానికి ఒరిగేదేమీ లేదు.

మా విశాఖ వైపు చోళ్లంటే రాగులు. 100 గ్రాముల్లో 350 మి.గ్రా. దాకా కాల్షియం, నాలుగు మి.గ్రా. పైన ఐరన్ ఉంటాయి కాబట్టి పాలని మించినదని అందరూ చెబుతారు. కానీ గ్లాసు అంబలిలో పడే పిండి ఎంత? పాతిక, ముప్పై గ్రాములు. అంటే కాల్షియం వంద మి.గ్రా. దగ్గరే. పైగా చోళ్లలో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఐరన్‌నీ కాల్షియాన్నీ కొంత పట్టేసుకుంటాయి. రాత్రి పిండి కలిపి పులియబెట్టినా, చోళ్లు మొలకెత్తించి పిండి పట్టించినా ఆ పట్టు సడలుతుంది. పెద్దవాళ్ల పులిసిన అంబలి అందుకే మేలు. గ్లాసుకి గ్లాసు చూస్తే కాల్షియంలో మాత్రం పాలదే పైచేయి.

పాలకూర మీద ఆశ పెట్టుకోకండి. అందులో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాని కాల్షియాన్ని వదలవు.

నా ఓటు నెత్తళ్లకే, ఆ చిన్న సముద్రపు చేపలకే. హార్బర్ నుంచి వచ్చిన పచ్చివి దొరికిన రోజు అమ్మ పీట వేసుకుని కూర్చుంటుంది. బొటనవేలితో తల తుంచి, దాంతోపాటే పేగు లాగేస్తుంది. ముల్లు మాత్రం తియ్యదు. వెంట్రుకలా ఉండే ఆ ముల్లు వేపుడులో కరకరలాడిపోతుంది. కాల్షియమంతా అక్కడే ఉంది. చేపలోని ఐరన్ ఆకుకూరల ఐరన్ కన్నా బాగా ఒంటపడుతుంది, పక్కనున్న పప్పు, మునగాకుల ఐరన్‌ని కూడా లాక్కొస్తుంది. పైన నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది. ఎండు నెత్తళ్లయితే ఉప్పు ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లు వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, ఎప్పుడైనా కొద్దిగా తినాలి. చేప ముట్టనివాళ్లకు మొలకెత్తిన పెసలు, నిమ్మరసం, జామకాయ ఉన్నాయి.

ఇప్పుడు ఇంట్లో ఇలా నడుస్తోంది. పరగడుపున నిమ్మనీళ్లతో ఐరన్ బిళ్ల, గంట ఆగి టిఫిను. మధ్యాహ్నం మునగాకు పప్పు, నెత్తళ్లు. రాత్రి భోజనంతో కాల్షియం బిళ్ల, పడుకోబోయే ముందు పాలు. మధ్యాహ్నం చివర్లో పెరుగన్నం మానిపించలేదు. ఆ కాస్త పెరుగుతో వచ్చే నష్టం చిన్నది, అది లేకపోతే ఆమెకి అన్నం తిన్నట్టే ఉండదు. గొడవంతా టీ దగ్గరే వచ్చింది. అన్నం తినగానే తాగే టీ ఐరన్‌ని బాగా దెబ్బతీస్తుంది. "ఏటే, ఇప్పుడు టీ కూడా మానీమంటావేటి?" అంది. మానక్కర్లేదమ్మా, నాలుగింటికి తాగు అన్నాను.

తిండి ఎంత సర్దినా ఒక ప్రశ్న మిగిలింది. ముట్లు ఆగిపోయిన ఇన్నేళ్ల తర్వాత ఐరన్ ఇంతలా తగ్గిందంటే లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. ఏళ్ల తరబడి మింగుతున్న గ్యాస్ బిళ్ల కూడా ఐరన్ పట్టకుండా చేస్తుందట, దాన్ని ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. వచ్చే సోమవారం ఎండోస్కోపీకి తీసుకెళ్తున్నాను, ఆ బిళ్లల అట్ట కూడా సంచిలో పెట్టాను.