కోనసీమ తేమకు ఆగే కిండిల్ కవర్ ఏది?

అమెజాన్ ఈ-పుస్తకాల పరికరం కిండిల్‌కి కవర్ కొనేటప్పుడు చాలామంది కింద పడితే పగలకుండా ఉంటుందా అనే చూస్తారు. గోదావరి డెల్టాలో అంతకంటే ముందు చూడాల్సింది తేమ. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ముసురు పట్టిందంటే బీరువాలో దాచిన తోలు చెప్పులకే బూజు పడుతుంది. తోలు కవర్‌కీ తప్పదు. ఎంత అందంగా ఉన్నా ఇక్కడికి వద్దు.

గుడ్డ కవర్లు చేతికి హాయిగా ఉంటాయి. కానీ సఖినేటిపల్లి రేవులో పంటు మీద ఒక్క జల్లు పడితే చాలు, నీళ్లు పీల్చుకుని పరికరానికి అంటుకుని ఉంటాయి, ఎండ లేని రోజుల్లో ఓ పట్టాన ఆరవు. ఇక పీయూ అంటే తోలులా కనిపించేలా గుడ్డ మీద వేసిన పాలియురెథేన్ పూత. వేడీ తేమా కలిస్తే ఆ పూత విచ్చిపోయి పొట్టు పొట్టుగా రాలుతుంది, ముందుగా మడత దగ్గర. అయినా తడి తుడిస్తే పోతుంది, ధర తక్కువ, పాడైతే మార్చుకోవచ్చు. అందుకే మా ఓటు పీయూ మూత, మెత్తని టీపీయూ (రబ్బరులా వంగే ప్లాస్టిక్) తొడుగు కలిసిన రకానికే.

తొడుగు మెత్తగా ఉండాలనడానికి బలమైన కారణం ఉంది. గట్టి ప్లాస్టిక్ తొడుగు నాలుగు మూలల్లో కొక్కేలతో పట్టుకుంటుంది. తుడవడానికి తీసి పెట్టినప్పుడల్లా ఆ కొక్కేల దగ్గర బీటలు పడతాయి, ఊడదీసేటప్పుడు పరికరమూ వంగుతుంది. టీపీయూ అయితే ఒక మూల వేలితో లాగితే వచ్చేస్తుంది, పడ్డప్పుడు మూలకు తగిలే దెబ్బనీ అదే తీసుకుంటుంది. పారదర్శకంగా ఉండే రకం కొన్నాళ్లకు పసుపెక్కుతుంది. నలుపో ముదురు నీలమో తీసుకోండి.

అసలు పరీక్ష మూతకి. కిండిల్‌లో ఉండే, కాగితంలా కనిపించే ఇ-ఇంక్ తెర అడుగున సాధారణంగా పల్చటి గాజు పలక ఉంటుంది. ఒక్కచోట ఒత్తిడి పడితే ఆ పలక విరుగుతుంది. పైకి చిన్న గీత కూడా కనిపించదు, తెరలో సగం మాత్రం కదలకుండా చారలు చారలుగా నిలిచిపోతుంది. అందుకని మూత వేసి నడిమధ్య బొటనవేలితో కాస్త నొక్కండి. వంగి తెరను తాకితే వాపసు ఇచ్చేయండి. స్టాండులా మడిచే ఓరిగామి మూతలు సన్నని ముక్కల అతుకులు కాబట్టి, ఈ పరీక్షలో తరచూ ఓడేవి అవే. లోపల కార్డు అర ఉన్న కవర్ అసలొద్దు. అందులో పెట్టిన ఏటీఎం కార్డే బస్సు రద్దీలో తెరను విరిచేస్తుంది. కిండిల్‌లో పేపర్‌వైట్ అనే మోడల్‌కి 2018 నుంచి తెర అంచులతో సమంగా ఉంటుంది, మూత నేరుగా దాని మీదే ఆనుతుంది. అంతర్వేది ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కుంటే గీత పడ్డట్టే. మూత లోపలి మెత్తని అస్తరును తరచూ దులపాలి.

కొలత విషయంలో 'పేపర్‌వైట్‌కి సరిపోతుంది' అన్న మాట నమ్మొద్దు. 2018 నాటి 10వ తరం తెర 6 అంగుళాలు, 2021 నాటి 11వ తరం 6.8, 2024 నాటి 12వ తరం 7. ఒకదాని కవర్ ఇంకోదానికి పట్టదు. మీది ఏ తరమో సెట్టింగ్స్‌లోని డివైస్ ఇన్ఫోలో చూసుకుని ఆర్డర్ పెట్టండి. 12వ తరం పేపర్‌వైటే 211 గ్రాములు. కవర్ 120 దాటితే ఒంటి చేత్తో పట్టుకుని చదవడం కష్టం.

మూతలోని అయస్కాంతాన్ని వాపసు గడువు లోపలే చూసుకోవాలి. మూత తీస్తే తెర మేలుకోవాలి, వేస్తే నిద్రపోవాలి. మూతను వెనక్కి మడిచి చదువుతుంటే తెర తనంతట తానే ఆగిపోతే అయస్కాంతం తప్పుచోట ఉన్నట్టు. మూత వదులుగా ఉంటే సంచిలో తెరుచుకుంటూ మూసుకుంటూ బ్యాటరీ తినేస్తుంది.

ఇలాంటి ఏ కవరూ నీళ్లను ఆపదు. పేపర్‌వైట్‌కి 10వ తరం నుంచి ఉన్న ఐపీఎక్స్8 రక్షణ (నీటిని తట్టుకునే స్థాయి) మంచినీళ్లలో 2 మీటర్ల లోతున 60 నిమిషాలు, సముద్రపు నీళ్లలో 0.25 మీటర్ల లోతున 3 నిమిషాలు మాత్రమే. 2022 నాటి మామూలు కిండిల్‌కి అదీ లేదు. పేపర్‌వైట్ ఉప్పునీటి రొయ్యల చెరువులోనో సముద్రంలోనో పడితే వెంటనే కవర్ ఊడదీసి మంచినీళ్లతో కడగండి. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా నిలబెట్టి, పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి. కవర్‌ను విడిగా ఫ్యాను కింద ఆరబెట్టి, మడతలో చెమ్మ లేదని వేలితో చూసుకున్నాకే మళ్లీ తొడగండి.