ఆర్గోనియాలో మేయరమ్మ ఇల్లు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, విచిటా నగరంలో మేము దిగిన మోటెల్ పేరు రాయను గానీ, అక్కడ పడ్డ ఇబ్బంది రాయక తప్పదు. బుక్ చేసినప్పుడు గది అద్దె 62 డాలర్లు. తీరా వెళ్లాక పన్నులనీ, రుసుములనీ 91 చేశారు. ఇదేమిటని అడిగితే కౌంటర్‌లో కూర్చున్నతను తలెత్తకుండానే, ‘వద్దంటే వెళ్లిపోవచ్చు, డబ్బు మాత్రం తిరిగి రాదు’ అన్నాడు. దుప్పట్లకు సిగరెట్ వాసన. పొద్దున కుళాయిలో వేడినీళ్లు లేవు. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అత్తగారు చన్నీళ్లే పోసుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా కారెక్కారు.

అక్కడి నుంచి నైరుతి దిక్కుగా గంటలోపే ఆర్గోనియా. ముందురోజే ఫోన్ చేసినందువల్ల ఒకప్పుడు ఆ ఊరి మేయర్‌గా చేసిన సుసానా సాల్టర్ ఇంటి తాళం తీసి ఉంచారు. ఇప్పుడది మ్యూజియం. 20 డాలర్లు విరాళమిచ్చాం, ఇంకా ఇవ్వాల్సింది.

కాన్సస్‌లో మహిళలకు పురపాలక ఎన్నికల్లో ఓటు వచ్చింది 1887లోనే. మద్యనిషేధం కోరే మహిళలను నవ్వులపాలు చేయాలని కొందరు మగవాళ్లు, సుసానాకు తెలియకుండానే ఆమె పేరు మేయర్ అభ్యర్థిగా పెట్టారు. పోలింగ్ రోజున పార్టీ పెద్దలు ఇంటికొచ్చేసరికి ఆమె బట్టలు ఉతుకుతోంది. గెలిస్తే పదవి తీసుకుంటావా అంటే, తీసుకుంటానంది. మూడింట రెండు వంతుల ఓట్లతో గెలిచింది. అప్పటికి 27 ఏళ్లు, చంకన పిల్లలు. అమెరికాలో తొలి మహిళా మేయర్ ఆమే. ఏడాది పనికి 1 డాలర్ జీతం. మళ్లీ పోటీ చేయలేదు. 101 ఏళ్లు బతికి 1961లో కన్నుమూసింది.

మా వారు ఇదంతా తెలుగులో చెబుతుంటే అత్తగారు మధ్యలో ఆపి, ‘కాగితాల మీద సంతకాలు ఆవిడే పెట్టేదా?’ అని అడిగారు. 1995లో మహిళా రిజర్వేషన్‌లో అత్తగారు మా ఊరి సర్పంచ్. చదవడం, సంతకాలు చేయించడం అన్నీ మామగారే చూసుకునేవారు.

ఆర్గోనియా వెళ్లేవాళ్లు భోజనం వెంట తీసుకువెళ్లండి. విచిటాలో గది తీసుకుంటే కుళాయి తిప్పి చూశాకే కార్డు ఇవ్వండి. శ్మశానం కూడా వదలకండి, సుసానా సమాధి ఈ ఊళ్లోనే ఉంది. అత్తగారు అక్కడ చాలాసేపు నిలబడ్డారు. తిరుగుదారి పొడుగునా చెరువుగట్టు మరమ్మతు సంగతే చెప్పారు. మామగారు వద్దన్నా తాను పట్టుబట్టి సంతకం పెట్టిన ఒకే ఒక్క తీర్మానమట అది.