బస్టాండ్ వెనక జెనరిక్ మందుల షాపు: ఐదుకి నాలుగు స్టార్లు

ఆరు నెలలుగా అమ్మానాన్నల మందులు ఈ షాపులోనే కొంటున్నాం.

నాన్నకు 2021లో స్టెంట్ వేశారు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది. ఏడాది దాటాక మందుల ఖర్చు మాత్రం మాదే. అమ్మకు బీపీ, షుగరు, థైరాయిడ్. ఇద్దరివీ కలిపి నెలకు 3,400 అయ్యేది.

సంక్రాంతికి ఇంటికెళ్ళి అమ్మ మందుల డబ్బా తెరిస్తే, ఎప్పుడో అయిపోవాల్సిన మెట్‌ఫార్మిన్ ఇంకా రెండు షీట్లున్నాయి. రోజు విడిచి రోజు వేసుకుంటోందట! "మీ నాన్నవి గుండె మాత్రలు, మానకూడదు. నావి ఉత్త షుగరు మాత్రలేగా" అంది. నాన్నకి ఈ సంగతే తెలీదు. తెలుసుకునే ప్రయత్నం నేను మాత్రం ఏం చేశాను గనక.

డాక్టరు గారిని అడిగి కంపెనీ పేర్లు తీసేసి మందు పేర్లు రాయించుకున్నాం. మీరూ అడగండి, వాళ్ళంతట వాళ్ళు రాయరు. జెనరిక్ పేరే, అంటే కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, అదే నెలలో ఆపేసింది కూడా. ఆ చీటీతో ఇక్కడికొస్తే బిల్లు 1,150 అయింది. షాపాయన ప్రతి షీటు మీదా మార్కరుతో "పొద్దున", "రాత్రి" అని తెలుగులో రాసిచ్చాడు. అమ్మకి ఆ ఒక్క పని తెగ నచ్చింది.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, స్టాకుని బట్టి కంపెనీ మారుతుంటుంది. ఒక నెల తెల్లగా ఉన్న బీపీ మాత్ర తర్వాతి నెల గులాబీ రంగులో వచ్చింది. వేరే మందేమో అని అమ్మ మూడు రోజులు వేసుకోలేదు. మారినప్పుడు ఒక్క మాట చెప్తే ఏం పోయింది? మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షాపు మూత, అదొకటి. థైరాయిడ్ మాత్ర కంపెనీ మార్చొద్దని డాక్టరు గారు చెప్పడంతో అదొక్కటీ పాత షాపులోనే తెచ్చుకుంటున్నాం.

నెలకు రెండువేల పైచిలుకు మిగులుతోందని చెప్పగానే అమ్మ, "అయితే నాన్నకో ప్రోటీన్ పొడి డబ్బా కొందామే" అంది. ఆ డబ్బుతో నేను అమ్మ కళ్ళ పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. షుగరొచ్చి తొమ్మిదేళ్ళు, ఒక్కసారీ చూపించుకోలేదు.