అద్దె పెరగలేదు, తగ్గనూ లేదు: న్యూయార్క్ ‘స్క్రీ’ పథకంతో మా అనుభవం

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఒక పడకగది ఫ్లాటులో మా దంపతులం ఉంటున్నాం. 2018 అక్టోబరులో రెండేళ్ల ఒప్పందం రాసుకునే ముందు అద్దె నెలకు 1,250 డాలర్లు. ఇప్పటికీ అంతే కడుతున్నాం. వయోవృద్ధుల అద్దె పెంపు మినహాయింపు పథకం వల్లే ఇది సాధ్యమైంది. ఇక్కడివాళ్లు దాన్ని ‘స్క్రీ’ అంటారు, లేదా ‘రెంట్ ఫ్రీజ్’ అంటారు.

మేం చేరేనాటి నిబంధనలివి: అద్దె ఒప్పందంలో పేరున్న మనిషికి 62 ఏళ్లు నిండాలి. ఇంట్లో అందరి ఆదాయం కలిపి ఏడాదికి 50,000 డాలర్లు మించకూడదు. ఆ ఆదాయంలో మూడో వంతు కంటే ఎక్కువ అద్దెకే పోతుండాలి. ఫ్లాటు అద్దె నియంత్రణ కింద ఉండాలి. చాలామంది ఆగిపోయేది ఈ చివరి షరతు దగ్గరే. నియంత్రణలో ఉన్నవి ఎక్కువగా 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకు మించి ఫ్లాట్లున్న భవనాలు. రెండు కుటుంబాల ఇంట్లో కింది వాటా తీసుకుని ఉండే మనవాళ్లకు ఎంత పేదరికం ఉన్నా ఇది వర్తించదు.

నియంత్రిత ఫ్లాట్ల అద్దె ఎంత పెంచవచ్చో నగర బోర్డు ఏటా నిర్ణయిస్తుంది. రెండేళ్ల ఒప్పందానికి 2022లో 5 శాతం, 2024లో 5.25 శాతం అనుమతించింది. 2018, 2020 పెంపులూ కలుపుకుంటే, కాగితం మీద మా అద్దె 2024 అక్టోబరుకే 1,430 డాలర్లు దాటింది. మేం కట్టని ఆ 180 డాలర్లను నగరం యజమాని ఆస్తి పన్నులో తగ్గిస్తుంది. అంటే ఆయనకు పైసా నష్టం లేదు. అయినా మా భవనం ఆఫీసువాళ్లు కొన్ని నెలలపాటు పూర్తి అద్దె లెక్కే రాసి, తేడాను బకాయిగా చూపుతూ నోటీసు పంపారు. ఆ కాగితం చూసి మా ఆవిడకు నిద్ర పట్టలేదు. మంజూరు పత్రం నకలును రిజిస్టర్డ్ టపాలో పంపాకే లెక్క సరిదిద్దారు. అందుకే అద్దె చెక్కుతోనే కట్టండి, మంజూరు పత్రం ఎప్పుడూ చేతికందే చోట పెట్టుకోండి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, అర్హత ఉంటే చాలు, లాటరీ లేదు. తక్కువ ఆదాయంవారి అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సెక్షన్ 8 వోచర్ల నిరీక్షణ జాబితాను నగర గృహసంస్థ దాదాపు పదిహేనేళ్లు మూసి ఉంచి, 2024 జూన్‌లో ఒక్క వారం తెరిచింది. లక్షల మంది దరఖాస్తు చేశారు.

కానీ వోచరు అద్దె భారాన్ని తగ్గిస్తుంది, స్క్రీ పెంపును మాత్రమే ఆపుతుంది. చేరినప్పుడు మా ఇద్దరి ఆదాయం ఏడాదికి సుమారు 36,000 డాలర్లు. అందులో 15,000 అద్దెకే పోయేది. ఆలస్యంగా చేరినవారికి అప్పటికే పెరిగిన అద్దె దగ్గర లెక్క ఆగుతుంది. 62 నిండగానే దరఖాస్తు పెట్టమని అందరికీ చెబుతాను.

ఆదాయ పరిమితి మీద నాకు కోపమే ఉంది. 2014లో 50,000కు పెంచాక పదేళ్లపాటు దాన్ని కదిలించలేదు. ధరలు పెరిగాయని 2023లో సోషల్ సెక్యూరిటీ పింఛను 8.7 శాతం పెంచారు. ఆ పెంపే కొందరిని హద్దు దాటించగలదు. పైగా కొడుకు మాతో ఉంటే అతని జీతమూ లెక్కలోకి వస్తుంది. “ముసలివాళ్లను ఒంటరిగా ఎందుకు ఉంచాడు?” అని ఊళ్లో బంధువులు అడుగుతారు. ఫోనులో వాళ్లకు న్యూయార్క్ అద్దె చట్టం ఎక్కడ వివరించను?

ఒప్పందం మారిన ప్రతిసారీ పునరుద్ధరణ తప్పదు. సంతకాలు చేసిన కొత్త ఒప్పందం, ఇంట్లో అందరి ఆదాయ పత్రాలు జతచేయాలి. మరిచిపోతే పాత అద్దె పోయి, అప్పటిదాకా కాగితం మీద పెరుగుతూ వచ్చిన అద్దె నెత్తిన పడుతుంది. ఒప్పందంలోనూ దరఖాస్తులోనూ భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి. ఒకరు పోతే, అర్హత ఉన్న రెండోవారు పథకాన్ని తమ పేరుకు మార్చుకోవచ్చు. అది దానంతట మారదు, వేరే దరఖాస్తు గడువులోగా పెట్టాలి.