ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ సైట్: తెలుగువాళ్ల ఇంగ్లిష్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

డిస్కస్ అంటే అర్థం తెలియని డిగ్రీ విద్యార్థి ఉండడు. అయినా "వీ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్" అనే వాక్యం ఆఫీసు మెయిళ్లలో తరచూ కనబడుతుంది. తెలుగులో "ప్రాజెక్ట్ గురించి చర్చించాం" అంటాం కదా, ఆ "గురించి" కాస్తా ఇంగ్లిష్‌లోకి అబౌట్‌గా దిగిపోతుంది. ఇలాంటి తప్పుని అర్థం చెప్పే నిఘంటువు పట్టుకోలేదు. మాట పక్కన ఏది కూర్చుంటుందో, ఏది కూర్చోకూడదో చెప్పే నిఘంటువు కావాలి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీస్ సైట్‌లో డిస్కస్ అని కొట్టి చూడండి. దీని తర్వాత అబౌట్ రాదని హెచ్చరించి, తప్పు వాక్యాన్ని గీత గీసి కొట్టేసి మరీ చూపిస్తుంది. ఎక్స్‌ప్లెయిన్ దగ్గరా అంతే. "ఎక్స్‌ప్లెయిన్ మీ ద ప్రాబ్లమ్" కుదరదు, "ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మీ" అనాలి. ఈ సైట్ అసలు బలం ఈ చిన్న చిన్న హెచ్చరికల్లోనే ఉంది.

దానికి కారణం దీని పుట్టుకలో ఉంది. ఈ నిఘంటువు మొదట 1942లో టోక్యోలో అచ్చయింది. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన హార్న్‌బీ, మరో ఇద్దరు సహచరులు కలిసి జపనీస్ విద్యార్థుల కోసం తయారుచేశారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తన పేరుతో వేసింది, 2020లో పదో కూర్పు వచ్చింది. ఇంగ్లిష్ ఇంటిభాష కానివాళ్లు ఎక్కడ జారిపడతారో తరగతి గదిలో చూసినవాళ్లు మొదలుపెట్టిన పని కాబట్టి, క్రియ తర్వాత ఏ చట్రం (ఎలాంటి మాటల అమరిక) రావాలన్న పట్టింపు అప్పటినుంచీ ఉంది.

సైట్ ఉచితం. మాట వెతకడానికి లాగిన్ అక్కర్లేదు, సొంత పదాల జాబితా దాచుకోవాలంటేనే కావాలి. ప్రకటనలు మాత్రం ఉంటాయి, చిన్న ఫోన్‌లో చికాకు పెడతాయి.

మొదటి అర్థం చదివి పేజీ మూసేయడం మనందరి అలవాటు. అలా వాడితే గూగుల్‌లో కనబడే అర్థాల పెట్టెకీ దీనికీ పెద్ద తేడా తెలీదు. ఆ పెట్టెలో వచ్చే ఇంగ్లిష్ అర్థాలూ ఆక్స్‌ఫర్డ్ సరుకే. కాకపోతే అవి ఇంగ్లిష్ ముందే వచ్చినవాళ్ల కోసం రాసినవి, నేర్చుకునేవాళ్లకు కావలసిన వాడుక చట్రాలు అందులో అంతగా ఉండవు. లెర్నర్స్ సైట్‌లో చూపు వెళ్లాల్సిన వరుస వేరు. ముందు చదరపు బ్రాకెట్‌లో ఏముందో చూడాలి: నామవాచకమైతే కౌంటబులా అన్‌కౌంటబులా, క్రియ అయితే సకర్మకమా అకర్మకమా. తర్వాత బోల్డ్ అక్షరాల్లో ఉన్న చట్రం: "సజెస్ట్ డూయింగ్ సంథింగ్", "సజెస్ట్ దట్..." లాంటివి. ఆ కింద రెండు మూడు ఉదాహరణలు. అర్థం ఎలాగూ అప్పటికి తెలిసిపోతుంది.

ఆ బ్రాకెట్ ఎందుకంత ముఖ్యమంటే, సామాన్లు, వివరాలు, సలహాలు అని తెలుగులో నిక్షేపంగా బహువచనం వాడతాం. అదే చేత్తో "లగేజెస్", "ఇన్ఫర్మేషన్స్", "అడ్వైసెస్" వచ్చేస్తాయి. ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, హోంవర్క్, ఫీడ్‌బ్యాక్ కూడా ఈ జట్టులోవే. వీటికి చివర ఎస్ తగలదు, ముందు "ఎ" తగలదు, ఒకటి అని చెప్పాలంటే "ఎ పీస్ ఆఫ్" తగిలించుకోవాలి. ఇంకాస్త మెలిక ఉన్నది ఎక్స్‌పీరియన్స్. ఉద్యోగంలో గడించిన అనుభవం అన్‌కౌంటబుల్, జీవితంలో జరిగిన ఒక ఘటన కౌంటబుల్. "మెనీ ఎక్స్‌పీరియన్సెస్ ఇన్ జావా" అని రెజ్యూమెలో రాస్తే, జావాలో మనకేవో సాహసాలు జరిగాయని అర్థం వస్తుంది.

మాట పక్కన ఎ1, బి2 అని చిన్న గుర్తులుంటాయి, ఎ1 నుంచి పైకి వెళ్లేకొద్దీ కష్టం పెరిగే మెట్లవి. అవి మాటకి మొత్తంగా ఒకటి కాక, ఒక్కో అర్థానికి విడిగా ఇచ్చినవి. రన్ అంటే పరుగెత్తడం మొదటి మెట్టులో ఉంటే, వ్యాపారం నడపడం అనే అర్థం ఇంకా పై మెట్టులో ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ 3000 అనే జాబితా ఎ1 నుంచి బి2 దాకా, దానికి మరో 2000 మాటలు కలిపిన ఆక్స్‌ఫర్డ్ 5000 సి1 దాకా వెళ్తాయి. పోటీ పరీక్షల కోసం లోక్వేషియస్, యుబిక్విటస్ లాంటివి బట్టీ పట్టి, గెట్, టేక్, పుట్ దగ్గర తడబడేవాళ్లకు ఈ జాబితా మంచి మందు. అర్థాలు కూడా వీలైనంతవరకు ఈ తేలిక మాటల్లోనే రాస్తారు కాబట్టి, ఒక మాట వెతికితే మరో మూడు వెతుక్కోవాల్సిన అవస్థ తక్కువ.

ఉదాహరణల కింద మడతపెట్టి ఉండే కొలొకేషన్స్ పెట్టె (ఏ మాటకి ఏ మాట జతగా వస్తుందో చెప్పేది) తెరవకుండా వదిలేయకండి. మనకి వర్షం పెద్దది, ఇంగ్లిష్‌లో బరువైనది: హెవీ రెయిన్. మనకి టీ స్ట్రాంగే, వాళ్లకీ స్ట్రాంగే. ఏది కలుస్తుంది, ఏది కలవదు అన్నది తర్కంతో తేలదు, చూసి నేర్చుకోవాల్సిందే.

ఇక దేశాల సంగతి. అమెరికా వెళ్లే పిల్లలకు పచ్చడి సీసాలు సర్దేటప్పుడు ఈ సైట్ అడ్రస్ కూడా రాసివ్వొచ్చు. రబ్బర్ బ్రిటిష్ ఇంగ్లిష్‌లో పెన్సిల్ రాత చెరిపేది, అమెరికాలో వాడుకలో కండోమ్. క్లాసులో పక్కవాణ్ని అడిగే ముందు ఇరేజర్ అనుకోవడం మంచిది. పాంట్స్ అమెరికాలో మనం అనుకునే ప్యాంటే, బ్రిటన్‌లో లోదుస్తులు. ఫస్ట్ ఫ్లోర్ బ్రిటన్‌లోనూ మన దగ్గరా నేలంతస్తు మీదిది, అమెరికాలో నేలంతస్తే. పేవ్‌మెంట్ బ్రిటన్‌లో నడకదారి, అమెరికాలో రోడ్డు మీద పరిచిన తారో కాంక్రీటో. దక్షిణాఫ్రికాలో "రోబో దగ్గర ఎడమకు తిరుగు" అంటే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర అని. అన్నిటికంటే ప్రమాదం క్రియగా వాడే టేబుల్‌తో. లండన్ మీటింగ్‌లో ఒక అంశాన్ని టేబుల్ చేస్తే చర్చకు పెట్టినట్టు, న్యూయార్క్‌లో చేస్తే పక్కన పెట్టేసినట్టు. రెండు చోట్లవాళ్లూ ఉన్న కాల్‌లో ఆ మాట ఎత్తకపోవడమే మేలు. ఇలాంటి తేడాల్ని సైట్ ఆయా అర్థాల ముందు బ్రిటిష్, నార్త్ అమెరికన్, ఆస్ట్రేలియన్, సౌత్ ఆఫ్రికన్ అని చీటీ అంటించి చెబుతుంది. చదివేవాళ్లు ఆ చీటీలను దాటేసి ముందుకెళ్లిపోవడమే చిక్కు.

ఇండియన్ ఇంగ్లిష్‌కీ ఒక చీటీ ఉంది. లాఖ్ (లక్ష), క్రోర్ (కోటి) అనే మాటలు ఉన్నాయి. మీటింగ్ ముందుకు జరపడాన్ని మనం ప్రీపోన్ అంటాం, అదీ ఉంది. బయటి దేశాలవాళ్లతో మాట్లాడేటప్పుడు "మూవ్ ద మీటింగ్ అప్" లేదా "బ్రింగ్ ఇట్ ఫార్వర్డ్" అంటే సరిపోతుంది. హోటల్ దగ్గర మాత్రం సరదాగా ఉంటుంది. ఊరికి పోయినవాడు బస చేసేది ఒకటి, ఆస్ట్రేలియాలో మద్యం తాగే పబ్ ఒకటి, ఇండియాలో తిండి దొరికే చోటు మరొకటి. తెలుగువాడి హోటల్‌లో మంచం ఉండదని ఆక్స్‌ఫర్డ్‌వాళ్లకీ తెలుసన్నమాట.

టిఫిన్ దగ్గర మాత్రం తేలిపోయింది. చిన్నపాటి భోజనం, ముఖ్యంగా మధ్యాహ్నానిది అన్న ధోరణిలో అర్థం ఇచ్చారు. పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు తినేవాళ్లకు ఇది ఎక్కడా అతకదు. "పాసౌట్" కూడా చూడాలి. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అని మనం ఇంటర్వ్యూల్లో ధీమాగా చెప్పేస్తాం. సైట్‌లో దానికి స్పృహ తప్పడం అన్న అర్థం, బ్రిటిష్ వాడుకలో సైనిక శిక్షణ ముగించుకుని బయటికి రావడం అన్న అర్థం కనబడతాయి. బీటెక్ పూర్తి చేయడానికి "గ్రాడ్యుయేటెడ్" వాడండి.

మాటలకు చీటీ అంటించడం తేలికే, వాక్యం నడకకు అంటించడమే కష్టం. "హీ ఈజ్ దేర్ ఓన్లీ", "టుడే ఇట్‌సెల్ఫ్" అని మనం ఎందుకంటాం? అక్కడే, ఇవాళే అనడంలోని ఆ "ఏ" కారానికి ఇంగ్లిష్‌లో వేరే ప్రత్యయం లేక ఓన్లీనో ఇట్‌సెల్ఫ్‌నో తెచ్చి అతికిస్తాం. ఇంగ్లిష్ ఆ పనిని గొంతు నొక్కి చేస్తుంది, లేదా "రైట్ దేర్" అంటుంది. ఓన్లీ పేజీ చదివినంత మాత్రాన ఈ సంగతి తట్టదు. అలాగే "డిడ్‌న్ట్ యూ కమ్?" అంటే మనవాళ్లు "యెస్, ఐ డిడ్‌న్ట్" అంటారు. "రాలేదా?" అంటే "అవును, రాలేదు" అనడం మన పద్ధతి, అడిగినవాడి మాటకి ఒప్పుకోవడం. ఇంగ్లిష్‌లో యెస్ నో అన్నవి ప్రశ్నను పట్టి కాక జరిగినదాన్ని పట్టి వస్తాయి, కాబట్టి అక్కడ "నో, ఐ డిడ్‌న్ట్". "వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ద విండో?" అన్నప్పుడు యెస్ అంటే, తీయడం నాకిష్టం లేదు అని. ఇలాంటి చోట నిఘంటువు ఒంటరిగా గట్టెక్కించలేదు.

ఉచ్చారణకి వస్తే, ప్రతి మాటకీ రెండు స్పీకర్ బొమ్మలు: నీలం బ్రిటిష్, ఎరుపు అమెరికన్. షెడ్యూల్, అడ్వర్టైజ్‌మెంట్, లాబొరేటరీ వింటే తేడా తెలుస్తుంది. రెండూ కలిపి కలగాపులగం చేయకుండా ఒకటి పట్టుకోవడం మంచిది. ఊనిక (స్ట్రెస్) గుర్తు, అంటే చిన్న నిలువు గీత, నొక్కి పలకాల్సిన ముక్కకి ముందు వస్తుంది. దాని ముందున్న భాగాన్ని నొక్కి పలుకుతూ తప్పు చేసేవాళ్లున్నారు. డెవలప్‌లో ఊనిక రెండో ముక్క మీద, హోటల్‌లోనూ అంతే.

తెలుగువాళ్లు వింటున్నప్పుడు ప్రత్యేకంగా గమనించాల్సినవి మూడు. ఒకటి, జంట అక్షరాలు. మనకి గడి, గడ్డి వేరు మాటలు, ఒత్తు పలకాల్సిందే. అందుకే స్పెల్లింగ్‌లో రెండు టీలు కనబడగానే "బట్టర్", రెండు డీలు కనబడగానే "లాడ్డర్" అంటాం. ఇంగ్లిష్‌లో ఆ జంట రాతలోనే, నోట్లో ఒకటే. రెండు, మాట ఎ, ఇ అచ్చులతో మొదలైతే ముందు చిన్న యకారం దూరడం: ఎగ్ "యెగ్" అవుతుంది. మూడు, వి, డబ్ల్యూ రెండింటికీ మన "వ" ఒకటే. వితో రాసే వైన్, డబ్ల్యూతో రాసే వైన్ అని రెండు మాటల్ని ఒకే రకంగా అంటాం, ఒకటి ద్రాక్షతీగ, రెండోది దాని సారాయి. మొదటిదానికి పైపళ్లు కింది పెదవికి తగలాలి, రెండోదానికి పెదవులు సున్నా చుట్టాలి, పళ్లు తగలకూడదు. సైట్‌లో రెండూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి వినండి. ఆడియోని నెమ్మదిగా వినిపించే మీట మాత్రం లేదు.

ఇండియన్, నైజీరియన్, సింగపూర్ గొంతులు ఇక్కడ వినబడవు. ఆ లోటుకి యూగ్లిష్ అనే సైట్ కొంతవరకు తోడు. మాట కొడితే యూట్యూబ్ వీడియోల్లో అది పలికిన క్షణాన్నే తెచ్చి వినిపిస్తుంది, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా అని వడకట్టుకోవచ్చు, వేగం తగ్గించుకోవచ్చు. వీడియో కింద సబ్‌టైటిళ్లు ఒక్కోసారి తప్పుగా ఉంటాయి, చెవినే నమ్మాలి. వాక్యం మొత్తం వినాలంటే లాంగ్‌మన్ సైట్ మెరుగు, అక్కడ ఉదాహరణ వాక్యాలకూ ఆడియో ఉంటుంది. తెలుగు అర్థం తప్పనిసరి అనుకునేవాళ్లకు కేంబ్రిడ్జ్ సైట్‌లో చాలా మాటలకు తెలుగు ఉంది. ఒకప్పుడు బాగుండే మాక్‌మిలన్ సైట్‌ని 2023లో మూసేశారు, కాబట్టి పదాల జాబితాలు ఏ సైట్‌లో దాచుకున్నా ఒక కాపీ మన దగ్గర ఉంచుకోవాలి.

పదాల పుట్టుక పెట్టెలు కూడా అప్పుడప్పుడు తెరుస్తూ ఉండండి. మన పందికొక్కు ఇంగ్లిష్‌లోకి బండికూట్‌గా వెళ్లి, ఇప్పుడు ఆస్ట్రేలియాలో దానికి ఏ బంధుత్వమూ లేని పొట్టసంచి జంతువు పేరైంది. పిట్ట కూడా అంతే, రంగురంగుల ఒక పక్షి జాతికి శాస్త్రీయ నామంగా స్థిరపడింది.

నెట్ లేని చోట వాడుకోవడానికి యాప్ ఉంది, దానికి డబ్బు కట్టాలి. అచ్చుపుస్తకం కొనాలనుకుంటే, కొత్త ప్రతితో వచ్చే యాక్సెస్ కోడ్ ఎవరైనా ఒకసారి వాడేశాక రెండోవాళ్లకు పనిచేయదు. హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం సంతలో పాత కూర్పు దొరికితే, కోడ్ మీద ఆశ వదిలేసుకుని బేరమాడండి. క్రియల చట్రాలు పెద్దగా మారలేదు, ఎనిమిదో కూర్పైనా ఇంట్లో పిల్లలకు సరిపోతుంది. పేజీలు చిరగలేదో, మధ్యలో ఉన్న రంగుబొమ్మల పుటలు ఊడిపోలేదో చూసుకుని తీసుకోండి.